నీలం రాలే

మొన్న ఐతారం పిల్లల తెల్లంగీలకు నీలిమందు పెడుతుంటే ఫోన్ మోగింది. తడి చేతులతోనే ఎత్తిన.

"ఏం చేస్తున్నవ్ చెల్లె?" అక్క గొంతు. స్పీకర్ పెట్టకున్నా ఇల్లంత వినబడే గొంతు.

"అంగీలకు నీలం పెడుతున్న అక్కా" అన్న.

 అటుదిక్కు ఒక్కసారే నవ్వు. ఆ నవ్వు నాకు గూడ అంటుకున్నది. బకీటు ముందట కూసోని కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విన. మా ఇంటాయన వంటింట్లకెల్లి తొంగిచూసి "ఏమైందే?" అన్నడు. ఏం చెప్పాలె? నీలం అన్న ఒక్క మాటకు మేమిద్దరం ఎందుకు గిట్ల నవ్వుతమో చెప్పాలంటే మొత్తం చెప్పాలె.

"గదంత రాయరాదు?" అన్నది అక్క. "పత్రికలకు ఏమేమో రాస్తవు గద. నాది రాయి. పేరు మాత్రం వద్దు. ఇప్పుడు నిర్మల్‌ల నాకు సొంత దుకాణమున్నది, గిరాకి ఉన్నది. నా బీమారి సంగతి దాయకు, జర సాఫ్‌గ రాయి. ఎవలో ఒకామె చదువుకుంటది."

అందుకే పేరు రాస్తలేను. మిగిలిందంత రాస్తున్న.

మేమిద్దరం కరీంనగర్‌ల ఒక పెద్ద బట్టల దుకాణంల చీరెలు అమ్మేటోళ్లం. మాది సిరిసిల్ల దిక్కు సాలెల ఇల్లు. మా బాపు మరమగ్గం మీద పనిచేసేటోడు, గాయన కూలి ఇంటికి సరిపోక నేను కరీంనగర్ వచ్చిన. అక్కది ఆదిలాబాద్ దిక్కు, మహారాష్ట్రకు దగ్గర, ఇచ్చోడ అవతల ఒక ఊరు. పత్తిచేన్లు, నాలుగిండ్ల నడుమ చిన్న చర్చి. మెథడిస్టు సంఘపోళ్లు. నాకంటె పదేండ్లు పెద్దది. నేను కొలువుల చేరిన మొదటి దినం మడత పెట్టరాక తిప్పలు పడుతుంటే, నా చేతులకెల్లి చీరె గుంజుకోని, రెండు ఊపులల్ల మడత పెట్టి, "చీరెకు భయపడితె చీరె జారుతది చెల్లె, దబాయిస్తె మాట వింటది" అన్నది. అప్పటిసంది ఆమె నాకు అక్కనే.

దుకాణంల మా పనే నిలబడుడు. షట్టర్ లేచినకాడినుంచి దించేదాక కౌంటర్ వెనక నిలబడాలె. మధ్యాన్నం గిరాకి పలుచబడ్డప్పుడు సేటు చూడకుంట మేం మూటల మీద జరసేపు కూసునేటోళ్లం. అక్క కూసునేది కాదు. అన్నం గూడ గోడకు ఒరిగి, టిఫిన్ డబ్బా ఎడమచేతిల పట్టుకోని, నిలబడే తినేది.

"కూసో అక్కా" అంటే, "నేను కూసుంటే నా గిరాకి నీ దిక్కు వస్తది" అనేది. ఇంకోనాడు అడిగితె "నిలబడితె దూరందాక కనబడ్తది, ఏ గిరాకి ఏ మూల నారాజ్ అయ్యిందో చూసుకోవాలె" అనేది. ఏదో ఒకటి అనేది, నవ్విచ్చేది. ఏం అడిగిన్నో నాకే యాదికుండకపోయేది.

సేటుకు అక్క అంటే మస్తు ఇజ్జత్. "చూడుండ్రి గామెను. ఒక్కనాడన్న కూసున్నదా? పనంటె గట్ల చెయ్యాలె" అని మాకు బుద్ధి చెప్పేటోడు. మాకు ఒళ్లు మండేది. సేటు అటు తిరగంగనే అక్క మా దిక్కు నాలుక చాపి ఎక్కిరిచ్చేది. ఇగ ఆమె మీద కోపమెక్కడుంటది?

బస్సుల సీట్లు ఖాళీగున్నా రాడ్ పట్టుకోని నిలబడేది. కండక్టర్ కూసో అంటే "నడుం పట్టింది తమ్మీ, వంగుతలేదు" అనేది. ఆదివారం చర్చిల వెనక గోడకాడ నిలబడే ఆరాధన మొత్తం వినేదట. ఒకసారి పాస్టరుగారు అందరి ముందట "ఆ సహోదరి భక్తి చూడండి, దేవుని సన్నిధిలో కూర్చోను కూడా కూర్చోదు" అని మెచ్చుకున్నరట. అది మాకు చెప్పుకుంట కడుపు పట్టుకోని నవ్వింది. అందుల నవ్వేదేమున్నదో గప్పుడు నాకు సమజ్ కాలే.

చీరె అమ్ముడు ఆమెను చూసే నేర్సుకోవాలె. లేత పసుపును లేత పసుపు అనకపోయేది, "పత్తిపువ్వు రంగు" అనేది. మీగడ రంగును "ఇప్పపువ్వు" అనేది. గిరాకి అద్దం ముందట నిలబడంగనే చీరె కొంగును భుజం మీదేసి, రెండడుగులు వెనకకు పోయి, రెండు చేతులు చెంపలకు పెట్టుకోని "అగ్గబాయి!" అనేది. సంబరమొస్తె ఆమె నోట్లకెల్లి మరాఠి దానంతటదే ఊడిపడేది. అది నటన కాదు. నిజంగనే ఆమెకు ప్రతి చీరె మీద, ప్రతి మనిషి మీద సంబరమొచ్చేది. "గీ రంగు నీ కోసమే పుట్టింది వదినా, నేను చెప్తున్న గద" అనంగనే ఆ వదిన మొఖం వెలిగిపోయేది.

అందరికి లేతరంగులు కట్టిచ్చిన మనిషి, తను కట్టేవి మాత్రం ముదురువే. నల్లది, ముదురు నీలం, కాఫీ రంగు. మల్లె అత్తరు దండిగ పూసుకునేది. భుజానికి ఎప్పుడు ఒక పెద్ద సంచి. దాన్ని ఎవలనూ ముట్టుకోనియ్యకపోయేది.

ఆషాఢం సేల్ నడుస్తున్న దినాలు. దుకాణంల పట్టుచీరెల గద్దె ఉండేది. నేల మీద మెత్తటి పరుపులేసి, వాటి మీద మల్లెపువ్వసొంటి తెల్ల దుప్పట్లు పరిచేది. పెండ్లోళ్లు వచ్చి ఆడ కూసునేటోళ్లు, వాళ్ల ఎదురుంగ అమ్మేటాయన గూడ కూసోని పట్టుచీరెలు పరిచి చూపిచ్చేటోడు. ఏండ్లకేండ్ల సంది ఆ గద్దె చూసుకునే ముసలాయన పని బంద్ పెట్టిండు. సేటు అందరిని పిలిచి "రేపటిసంది గద్దె గీమెదే" అని అక్కను చూపిచ్చిండు.

మేమంత సప్పట్లు కొట్టినం. గద్దె అంటే మా దుకాణంల గంత పెద్దది మరి. ఆడామెకు ఇచ్చుడు గదే మొదటిసారి. నేను అక్క భుజం పట్టి ఊపిన. ఆమె మొఖంల రక్తపుబొట్టు లేదు.

"నాతోని కాదు సేటు" అన్నది.

"ఎందుకు కాదు?"

"కౌంటరే మంచిగున్నది."

సేటు నవ్విండు. "భయపడుతున్నవా? నువ్వా? రేపు పొద్దున గద్దె మీద కూసోవాలె. అంతే."

తెల్లారి అక్క పనికి రాలే. ఆ తెల్లారి గూడ రాలే. ఫోన్ చేస్తే "మా ఊరికి పోతున్న చెల్లె, ఇగ రాను" అన్నది. ఎప్పుడు వినని గొంతు. నేను సగం పూట సెలవు పెట్టి ఆమె ఉండే అర్రకు పోయిన.

ఎన్నడు ఎవలనూ ఆ అర్రకు రానియ్యలే ఆమె. తలుపు తీసి నన్ను చూసి, "రా" అన్నది. లోపలికి పోయిన. ఈ గోడనుంచి ఆ గోడకు దండేలు కట్టున్నయి. వాటి నిండ పాత నూలుచీరెల పేలికలు, శుభ్రంగ పిండి ఆరేసి. పండుగకు కాగితాల జెండాలు కట్టినట్టున్నది. మంచం మీద ప్లాస్టిక్ కవరు పరిచున్నది. కుర్చీ లేదు.

నేను కింద కూసున్న. ఆమె నిలబడ్డది.

"చెల్లె, నాకు ఉచ్చ ఆగదు" అన్నది. చీరె ధర చెప్పినంత సీదాగ చెప్పింది. "పుట్టినకాడినుంచి గంతే. బొట్టుబొట్టు కారుతనే ఉంటది. పండుకున్నా కారుతది, నడిచినా కారుతది. నిలబడి ఉంటె గుడ్డలు ఆపుతయి, ఎవలకు తెల్వదు. కూసుంటె మరక పడ్తది. గా తెల్లదుప్పటి మీద నేనెట్ల కూసుందు?"

ఒక్కొక్కటే నాకు అప్పుడు సమజైంది. అత్తరు, నల్లచీరెలు, సంచి, గోడకు ఒరిగి తినుడు.

"పెండ్లి గూడ అయింది నాకు. నీకు చెప్పలే" అన్నది. "మందమర్రిల. ఆయనది బొగ్గుబాయిల కొలువు. మంచోడే, మాట్లాడకపోయేటోడు. ఒకనాడు మా అత్త పరుపును ఎత్తి వాకిట్లేసింది, లైనుల క్వార్టర్లోళ్లంత చూసేటట్టు. బాపు వచ్చి తోల్కపోయిండు.  ఇచ్చోడల బస్సు దిగినంక హోటల్‌ల చాయ్ తాపిచ్చిండు. నేను నిలబడి తాగుతుంటే తను గూడ నిలబడే తాగిండు. ఇప్పుడు లేడు."

"డాక్టర్లకు చూపియ్యలేదా?"

"మస్తుమందికి చూపిచ్చిన. నరాల కమ్జోరి అన్నడొకాయన. మనసుల భయమున్నది అన్నడొకాయన. పిల్లలు పుడితె తక్కువైతదన్నది ఒకామె. ఎన్ని గోళీలు మింగిన్నో. ఇగ చాలనుకున్న."

నాకు ఏడుపు రాలే. తొందర పుట్టింది. ఇప్పుడే, ఈ గడియలనే ఏదో ఒకటి చెయ్యాలె అన్న తొందర. మా మేనమామకు కిడ్నీల రాయి తీసిన డాక్టరమ్మ ఒకామె యాదికొచ్చింది. వరంగల్ నుంచి కొత్తగ వచ్చింది, వయసు చిన్నది, చెప్పింది ఓపికతోటి వింటది అని మామ నెలరోజులు మెచ్చుకున్నడు. "లే, పోదాం" అన్న. ఆమె నిలబడే ఉన్నది గదా, లేచింది నేనే. ఆ మాటకు ఇద్దరం నవ్వినం. ఆ నవ్వుతోనే బయటికెల్లినం.

డాక్టరమ్మ గదిల అక్క బల్ల ముందట నిలబడ్డది.

"కూర్చోండి."

"వద్దు మేడం. కుర్చీ ఖరాబైతది."

ఆమె తలెత్తి చూసింది. "కుర్చీని కడుగుతం. మీరు కూర్చోండి."

అక్క నా దిక్కు చూసింది. కుర్చీ అంచుమీద కూసున్నది, పడిపోయేటట్టు. డాక్టరమ్మ ఒక్కొక్కటే అడగబట్టింది. ఎప్పటినుంచి? దగ్గితే ఎక్కువైతదా? పండుకున్నప్పుడు గూడ ఉంటదా? అక్క చెప్పిందే చెప్పింది, ఇదివరకు వందసార్లు చెప్పినట్టే.

"ఇంకొకటి. మామూలుగ అందరి లెక్క మీకు మూత్రానికి పోవాలనిపిస్తదా? పోతే మంచిగ వస్తదా?"

"ఎందుకు రాదు? పొద్దుగాల, మధ్యాన్నం, అందరి లెక్కనే పోత. నిండుగనే వస్తది. అది వేరు, ఇది వేరు మేడం."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"మళ్లొకసారి చెప్పండి?"

"అది వేరు, ఇది వేరు."

ఆమె కుర్చీ ముందటికి జరిపింది. కండ్లు మెరుస్తున్నయి. "చూడండి, మూత్రసంచికి మూతి వదులైతే సంచి నిండదు. మీ సంచి మంచిగ నిండుతుంది, మంచిగ ఖాళీ అయితుంది. అయినా కారుతుంది. అంటే కారేది ఆ సంచి నుంచి కాకపోవచ్చు. ఇంకెక్కడినుంచో రావచ్చు. ఒక చిన్న పరీక్ష చేద్దామా? ఇవాళే చేద్దాం."

పరీక్ష నాకు గూడ సమజయ్యేటట్టు చెప్పింది. సన్నటి గొట్టం తోటి మూత్రసంచిల నీలంరంగు కలిపిన నీళ్లు నింపుతరు. తెల్ల దూదిమెత్త కట్టుకోని జరసేపు నడవాలె. మెత్త నీలమైతే కారేది సంచికెల్లే. మెత్త తడిసి, నీలం కాకపోతే, కారేది వేరే తొవ్వకెల్లి.

నింపిండ్రు. మేమిద్దరం ఆసుపత్రి వరండాల ఈ కొసనుంచి ఆ కొసకు నడవబట్టినం. అక్క నా చెయ్యి పట్టుకున్నది, గాజులు గుచ్చుకునేటట్టు.

"చెల్లె, నీలం రావాల్నా, రావద్దా?"

"రావద్దు."

"వస్తె?"

"వస్తె గూడ ఏదో ఒక మందుంటది."

"రావద్దు చెల్లె. రావద్దు, రావద్దు." జర ఆగి, "కారుతున్నది. తెలుస్తున్నది నాకు. ఏ రంగున్నదో తెల్వదు గని" అన్నది. పుట్టినకాడినుంచి కారుతుంటే తిట్టుకున్న మనిషి, ఆ పొద్దు ఏ రంగుతోటి కారుతున్నదో చూసుటానికి ఆగలేకపోయింది. మా సంగతి విన్న నర్సమ్మ, ఊడ్చే ఆయమ్మ గూడ తలుపుకాడికి చేరిండ్రు.

లోపలికి పిలిచిండ్రు. నేను తెర బయటనే నిలబడ్డ.  లోపలికెల్లి డాక్టరమ్మ గొంతు, మెల్లగ: "తడి ఉంది. పూర్తిగ తడిసింది. నీలం లేదు. ఒక్క చుక్క లేదు. సిస్టర్, మీరు కూడా చూడండి."

ఆ వెంటనే అక్క గొంతు. మెల్లగ కాదు.

"నీలం రాలే!"

తెర జరుపుకోని, చీరె సగం చుట్టుకోని, చేతిల ఆ తెల్ల దూదిమెత్త పట్టుకోని బయటికొచ్చింది. "నీలం రాలే చెల్లె! నీలం రాలే!" నర్సమ్మ వెనకనుంచి కొంగు పట్టి గుంజుతున్నది. ఆయమ్మ సప్పట్లు కొడుతున్నది. బెంచీ మీద కూసున్న ఒక ముసలాయన లేచి నన్ను అడిగిండు, "ఎవలు గెలిచిండ్రు బిడ్డా?"

"మేమే తాతా" అన్న.

మల్ల స్కాన్ తీసిండ్రు. డాక్టరమ్మ తెల్లకాగితం మీద బొమ్మ గీసి చూపిచ్చింది. అందరికి ఒక్కో కిడ్నీ నుంచి ఒక్కో గొట్టం దిగి మూత్రసంచిల కలుస్తది. అక్కకు ఎడమదిక్కు కిడ్నీ కింది భాగం, పై భాగం వేరువేరుగ తయారైనయి. రెండు భాగాలకు రెండు గొట్టాలు. కింది దాని గొట్టం సరిగ్గనే వచ్చి సంచిల కలిసింది. పై దాని గొట్టం మాత్రం సంచిని దాటేసి, ఇంకా కిందికి పోయి, ఆపే కండరం లేనికాడ తెరుచుకున్నది. అందుకే ఆ గొట్టంల వచ్చింది వచ్చినట్టు కారుతనే ఉంటది. తల్లికడుపుల అవయవాలు తయారయ్యేటప్పుడే గట్లయితది. చిన్నప్పుడే పట్టుకుంటరట చానామట్టుకు. గింత వయసొచ్చేదాక దొరకకుంట ఉండుడు బహు అరుదట. "పుస్తకంల చదివిన, పిల్లలల్ల చూసిన. పెద్దవాళ్లల్ల నేను చూడడం ఇదే మొదటిసారి" అన్నది డాక్టరమ్మ, పండుగకు బట్టలు కొన్న పిల్ల లెక్క. ఆ పై భాగం గూడ మంచిగనే పని చేస్తున్నదట, తీసేసే పని లేదట. ఆ గొట్టాన్ని తెచ్చి సంచిల కలిపి కుడితె చాలు.

అక్క కాగితం మీదికి వంగి వేలుపెట్టి చూసింది. "అంటే నాకు ఒకటి ఎక్కువున్నదా?"

"అవును. ఒక గొట్టం ఎక్కువుంది."

"అగ్గబాయి!" రెండు చేతులు చెంపలకు పోయినయి. "చిన్నప్పటిసంది లోపమున్న పిల్ల, లోపమున్న పిల్ల అనుకుంట పెంచిండ్రు నన్ను. తక్కువ గాదు చెల్లె, ఎక్కువున్నదట నాకు!"

ఆ బొమ్మ చేతిల పట్టుకోనే కన్నతల్లికి, వాళ్ల అవ్వకు ఫోన్ చేసింది. అవ్వకు మోకాళ్ల నొప్పులు, బస్సెక్కలేదు. అవ్వ గూడ అక్క లెక్కనే గట్టిగ మాట్లాడుతది, ఫోన్ కెల్లి నాకంత వినబడ్డది.

"అవ్వా, నీలం రాలే! అంటే బాగైతది. ఆపరేషన్ చేస్తె బాగైతదట. ఇంకొకటి విను. కడుపులనే గట్ల తయారైందట, ఎవల తప్పు గాదట. నువ్వు నిండుకడుపుతోటి పత్తిమూటలు మోసినవు గద, దానికి గాదట."

అటుదిక్కు గొంతు సన్నబడ్డది. "డాక్టరే అన్నదా గా మాట?"

"డాక్టరే అన్నది."

"మల్లొకసారి అడుగు బిడ్డా. మోసినందుకు గాదంటనా?"

అక్క ఫోన్ డాక్టరమ్మ చేతిల పెట్టింది. డాక్టరమ్మ లేచి నిలబడి చెప్పింది, "అమ్మా, మీరు మూటలు మోసినందుకు కాదు. మీ తప్పు ఏమీ లేదు. కొద్దిమంది ఇట్ల పుడుతరు, అంతే." జరసేపు ఏదో విన్నది. ఫోన్ తిరిగిచ్చేటప్పుడు ఆమె కండ్లు గూడ తడిగున్నయి. "మూడుసార్లు చెప్పించుకున్నరు" అని నవ్వింది.

అక్కకు కిడ్నీ ఆపరేషన్ అని సేటుకు చెప్పిన. సేటు ఇంకేం అడగలే. "గద్దె ఎవలకియ్యను, దసరా దాక చూస్త" అన్నడు. అక్క తమ్ముడు ఊరినుంచి వచ్చిండు. ఆపరేషన్ అయ్యేదాక మేమిద్దరం బయట ఒకల మొఖం ఒకలం చూసుకుంట కూసున్నం. మంచిగైంది అని డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పినంకనే చాయ్ తాగినం.

అసలు సంబరం ఆపరేషన్‌కు పెట్టిన గొట్టాలు తీసేసిన తెల్లారి. నేను చాయ్ ఫ్లాస్కు పట్టుకోని పోయేసరికి అక్క మంచం మీద ఎల్లెలుకల పండుకోని పైకి చూస్తున్నది. నన్ను చూసి వేలితోటి సైగ చేసింది, గట్టిగ మాట్లాడితె ఏదో పోతదన్నట్టు.

"చెల్లె, ఇటు రా. చెయ్యి పెట్టి చూడు."

దుప్పటి కింద చెయ్యి పెట్టిన.

"ఎట్లున్నది?"

"పొడిగున్నది."

"నిజంగ? నాకు సమజైతలేదు. తడి లేకుంటె గిట్లనే ఉంటదా?"

"గిట్లనే ఉంటది అక్కా."

ఇంకో దిక్కు చూపిచ్చింది. ఆడ గూడ పొడిగనే ఉన్నది. నా చెయ్యి పట్టుకోని పక్కంత తడిమిచ్చింది. ఆ తర్వాత ఇటు దొర్లి, అటు దొర్లి, మొఖం దుప్పటిల పెట్టి ఉతికిన వాసన పీల్చింది. "కుట్లు! కుట్లు!" అని నర్సమ్మ ఉరికొచ్చింది. అక్క ఆమెను పట్టుకోని "నువ్వు గూడ చెయ్యి పెట్టి చూడు సిస్టర్" అన్నది. ఆ పొద్దు వార్డుల ఉన్నోళ్లందరితోటి పెట్టిచ్చింది. కుట్లు మానేదాక లోపల ఉంచిన సన్నగొట్టం ఒకటి కొన్ని వారాలైనంక తీసిండ్రు. అది తీసినంక గూడ పొడిగనే ఉన్నది.

బతుకమ్మ పండుగకు గిరాకి ఎక్కుతున్న దినాలల్ల అక్క దుకాణానికి వచ్చింది. పత్తిపువ్వు రంగు చీరె కట్టింది. ఎన్నేండ్ల సంది ఆ రంగు మీద మనసున్నదో నాకు తెలుసు. అత్తరు లేదు, ఒట్టి సబ్బు వాసన. గద్దె ముందట చెప్పులిడిచి, తెల్లదుప్పటిని కండ్ల నిండ చూసుకోని, మెల్లగ కూసున్నది. వెంటనే లేచి వెనకకు తిరిగి దుప్పటి చూసింది. మల్ల కూసున్నది. మల్ల లేచింది. పెండ్లి బట్టలకు వచ్చినోళ్లు "ఏమన్న పోయిందా అమ్మా?" అని అడిగిండ్రు. "ఏం పోలే, అంత ఉన్నది" అన్నది.

ఇగ లేవలే. మధ్యాన్నం అన్నానికి గూడ లేవలే. పట్టుచీరెలు నదిలెక్క పరిచింది, "అగ్గబాయి"లతోటి దుకాణం దద్దరిల్లింది. గిరాకి జర పలుచబడ్డప్పుడు ఒక్కసారిగ నన్ను కేకేసింది. ఉరికిన.

"చెల్లె, నా కాలుకేమో అయింది! చచ్చుబడ్డది. చీమలు పారుతున్నయి. ఆపరేషన్ ఏమన్న ఖరాబైందా?"

"తిమ్మిరి అక్కా. చానాసేపు కూసుంటె గట్లనే ఎక్కుతది."

"అందరికా?"

"అందరికి."

కాలు పట్టుకోని నవ్వబట్టింది. "గిట్లుంటదని ఎవలు చెప్పలే గదనే నాకు!"

ఆ చలికాలం వాళ్ల ఊరి చర్చిల కోతల పండుగకు నన్ను తోల్కపోయింది. కరీంనగర్ నుంచి ఇచ్చోడ దాక కిటికీ పక్క సీటు. నిర్మల్‌ల బస్సు జరసేపు ఆగితె అందరు దిగి నడుం చాపుకున్నరు, ఆమె దిగలే. "ఎవలన్న కూసుంటరు నా సీట్ల" అన్నది. తెల్లచీరె కట్టుకున్నది. పండుగలకు వాళ్లల్ల ఆడోళ్లంత తెల్లచీరెలు కడుతరట. బాప్తిస్మం నాడు గూడ ఆమెకు ముదురుదే కట్టిచ్చిండ్రట.

చర్చి చిన్నది. కింద జంఖానాలు పరిచిండ్రు. ముందట పంట కుప్పలు పోసుండె. జొన్నకంకులు, కందులు, పత్తి, కోళ్లు, పెద్ద పెద్ద గుమ్మడికాయలు. అక్క సీదా ముందుకు పోయి జంఖానా నడిమిట్ల కూసున్నది. ఊరు ఊరంత ఆమె దిక్కే చూసింది. కొందరు ఆడోళ్లు జరిగి తొవ్వ ఇచ్చిండ్రు, ఒకామె ఆమె తొడ మీద చెయ్యేసి గట్టిగ నొక్కింది.

నేను వెనకకు తిరిగి చూసిన. గోడకాడ ఒక ముసలామె కట్టె పట్టుకోని నిలబడున్నది. మోకాళ్లు వంకర పోయినయి, అయినా నిలబడ్డది. మొఖం అక్కదే. పక్కనున్నామెను అడిగిన, "గామె అక్క వాళ్ల అవ్వనేనా? ఎందుకు నిలబడ్డది?"

"చర్చిల ఆమె కూసోదమ్మా" అన్నది గామె. "బిడ్డ చిన్నగున్నప్పుడు పిల్లలు వాసనొస్తదని దూరం జరుగుతుండె. ఆ పిల్ల వెనక గోడకాడ నిలబడేది. తల్లి గూడ లేచి ఆ పిల్ల పక్కకు నిలబడ్డది. బిడ్డ లగ్గమై పోయినంక గూడ కూసోలే, పట్నం పోయినంక గూడ కూసోలే. అడిగితె 'నా బిడ్డ ఏడనో నిలబడే ఉంటది గద, నేనెట్ల కూసుందు' అంటది."

అక్క ఆ మాట విన్నది. ఆమెకు గూడ తెల్వదు. తను పోయినంక అవ్వ కూసునే ఉంటదనుకున్నదట. లేచి, జనాన్ని తప్పుకుంట వెనకకు పోయింది. అవ్వ చెయ్యి పట్టింది.

"రా అవ్వా. కూసుందాం."

"అలవాటైంది బిడ్డా. మోకాళ్లు వంగుతలేవు."

"నేను పట్టుకుంట."

రెండు చంకల కింద చేతులేసి, చిన్నపిల్లను దించినట్టు దించింది. మోకాళ్లు టక్కుమన్నయి. అవ్వ కూసున్నది. కూసోని, కాళ్లు చాపుకోని, జంఖానాను అరచేత్తోటి అటిటు రాసి చూసింది. అక్క పక్కకు కూసున్నది. 

ప్రార్థన అయినంక వేలం మొదలైంది. దేవునికి తెచ్చిన పంటను ఊరోళ్లే పాట పాడి కొనుక్కుంటరు, ఆ పైసలు చర్చికి పోతయి. పాస్టరుగారు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అంటె పాట అయిపోయినట్టు. కోళ్లు పోయినయి, కందులు పోయినయి. పాస్టరుగారు అన్నిట్లకెల్లి పెద్ద గుమ్మడికాయను రెండుచేతుల ఎత్తి చూపిచ్చిండు.

"నాది!" అన్నది అవ్వ. చర్చంత తిరిగి చూసింది. చెయ్యెత్తింది. "నా బిడ్డ పేరు మీద!"

అక్క గబుక్కున అవ్వ మొఖం చూసింది. తను గూడ చెయ్యెత్తి పాట పెంచింది. "నాది. మా అవ్వ పేరు మీద!"

"నడుమ నువ్వెందుకే?" అన్నది అవ్వ, ఇంకా పెంచింది.

"నాకు గూడ కావాలె!" అక్క ఇంకా పెంచింది.

జనం నవ్వుతున్నరు, సప్పట్లు కొడుతున్నరు. తల్లిబిడ్డలు ఒకల భుజం ఒకలు ఒత్తుకుంట, ఒకల చెయ్యి ఒకలు కిందికి గుంజుకుంట, పాట పెంచుతనే ఉన్నరు. పాస్టరుగారు గుమ్మడికాయను అట్లనే ఎత్తి పట్టుకోని నవ్వుతుండు. నవ్వి నవ్వి మూడోసారి అనుడు మరిచిపోయిండు.